వేడి నువ్వుల జాతార్

అమ్మా, నీ కూతురు నవ్వుతూనే ఉంది, బెంగ పెట్టుకోకు.

నిన్న అత్తగారింట్లో మొదటిసారి జాతార్ పొడి కలిపాను. ఎండిన జాతార్ ఆకు నలిపి జల్లించి, సుమాక్ పులుపూ ఉప్పూ వేసి, తొందరలో వేయించిన నువ్వులు చల్లారకముందే పోసేశాను. ఆకు చెమ్మగిల్లి ముద్దకట్టింది. "మీ హెబ్రోన్ ఊరివాళ్ళ తెలివికి జనం ఊరికే నవ్వరు కోడలా! గాడిద దాణా నయం. నేను ముట్టనుగాక ముట్టను," అన్నారు అత్తగారు. నీడన మళ్ళీ ఆరబెట్టి సీసాకెత్తాను.

నీ మోకాలెలా ఉంది? సుమాక్ రెండు దోసిళ్ళు పంపు. పరీక్షనాడు తమ్ముడికి జాతార్ రొట్టె మరవకు, బుర్ర పనిచేస్తుంది. నాన్న చేతులకు ముద్దులు.

అన్నట్టు, ఈ పొద్దున అత్తగారు మళ్ళీ తిట్టబోయి నోరు తెరిచారు. ముందు పళ్ళ సందున పచ్చటి జాతార్ నలుసు!

నీ రుదైనా, జెనీన్ నుంచి