ఆరున్నర ఫీట్ల దర్వాజ

11 ఏప్రిల్ 1948
కొత్త ఇంటి గోడలు ఐదు ఫీట్లు లేచాయి. పని ఆపించాను. దొర ఉండే గడీకి ఎదురుగా ఉన్న ఏ ఇంటి దర్వాజా ఐదు ఫీట్లు దాటకూడదని ఆయన కట్టడి. బయటికి వచ్చేవాడు గడీకి తల వంచే రావాలి. దొర హైదరాబాద్ పారిపోయి మూడు నెలలైంది, ఇప్పుడు ఎవరు అడుగుతారన్నాడు మేస్త్రీ కురుమయ్య. అడిగినా అడగకపోయినా కట్టడి కట్టడే అన్నాను.

13 ఏప్రిల్
రఘుపతి ఆరు ఫీట్ల ఒక ఇంచి. తల్లి లేని మనుమడు. నేనే పెంచాను. దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిసి అడవికి పోతూ ఒక్క మాట అన్నాడు. "అవ్వా, గీ దర్వాజల నేనింక వంగ." ఆ మాటకే పాత ఇల్లు విప్పించాను. ఇప్పుడు నేను ఉండేది పశువుల కొట్టంలో.

14 ఏప్రిల్
ఆరున్నర ఫీట్లకు ఇజాజత్ కోరుతూ హైదరాబాద్‌కు, దొరకు అర్జీ పంపాను. ప్లాను గీసి జత చేశాను. కారణం లేని అర్జీ చెల్లదని మా నాయన నేర్పాడు. మనుమడి పేరు, ఎత్తు రాశాను. ఇంట్లో ఉండనివాడికి ఎత్తు దర్వాజ దేనికని కొట్టేస్తారేమోనని, శనివారం అంగడికి వచ్చినప్పుడు ఇంట్లో అన్నం తింటాడని కూడా రాశాను. అబద్ధం ఒక్కటి లేదు.

29 మే
అర్జీకి జవాబు లేదు.

12 జూన్, శనివారం
రఘుపతి వచ్చాడు. మొండిగోడల మధ్య కూర్చుని రొట్టె తిన్నాడు. అర్జీ సంగతి చెబితే పొలమారేలా నవ్వాడు. "దొరనే ఉరికిండు, ఇజాజత్ ఎవలిస్తరే అవ్వా?" ఏం రాశావని అడిగాడు. ఎత్తు దాకా చెప్పాను. అంగడి మాట చెప్పలేదు. నేను ఒక సంగతి దాచడం ఇదే మొదటిసారి.

19 సెప్టెంబర్
యూనియన్ సైన్యం చిట్యాల దాటిందట. రజాకార్లు పోయారు. ఊరంతా సంబరం. రఘుపతి ఇంటికి వచ్చేస్తాడని రెండో మనిషికీ జొన్నలు విసిరాను.

23 అక్టోబర్
దొర మిలిటరీ జీపు వెనుకే ఊళ్లోకి వచ్చాడు.

6 నవంబర్, శనివారం
అంగడిలో మిలిటరీవాళ్లు సంఘంవాళ్లను వెతుకుతూ పొడుగు మగవాళ్లందరినీ వరుసలో నిలబెట్టి టేపుతో కొలిచారు. దొర గుమాస్తా చేతిలో కాగితం ఉంది. నా అక్షరాలు నాకు దూరం నుంచే తెలుస్తాయి. రఘుపతిని లారీ ఎక్కించారు. వాడికీ తెలిసినట్టుంది. నా వైపు చూశాడు.

9 నవంబర్
నల్గొండ వెళ్లాను. మిలిటరీ క్యాంపు గేటు దగ్గర పొద్దంతా నిలబడ్డాను. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు.

20 నవంబర్
గుమాస్తా వచ్చాడు. దొర దయతలిచి ఆరున్నర ఫీట్లకు ఇజాజత్ ఇచ్చాడట. "ఇగ నిమ్మళంగ కట్టుకో అమ్మా," అని కాగితం నా చేతిలో పెట్టాడు.

22 నవంబర్
దర్వాజ పైన దూలం పెట్టవద్దన్నాను. మరి ఎంత ఎత్తు వదలాలని కురుమయ్య అడిగాడు.
తెలియదన్నాను.