కాగితం మీద మూడు చిల్లులు

ఫెయిర్లీ,
తొలి మంచు పడిన ఆదివారం.

ఒకప్పటి నా ప్రాణస్నేహితుడు లాక్లన్‌కు,

మా అయోనా రైఫిల్ అరువు తీసుకెళ్తూ, మా వంటింటి గుమ్మంలో నిలబడి నువ్విచ్చిన మాట గుర్తుందా? "ఎక్కడైనా దెబ్బ తగిలితే దాచనురా మర్డో. కాగితం మీద కాల్చి చూడకుండా తిరిగివ్వను" అన్నావు. నీ తుపాకీ మరమ్మతులో ఉంది. కూతురి కొలతకని నేను భుజానికి ఆనించే కర్ర కొస కోసి పొట్టి చేసిన రైఫిల్ అది. "ఊళ్లో నీ పొట్టి చేతులకు కుదిరేది ఇదొక్కటే, తీసుకుపో బాబాయ్" అని అయోనా నిన్ను ఏడిపించింది. నువ్వూ నవ్వావు.

టిమరూ వృద్ధాశ్రమం నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. పోయేలోగా ఒకసారి వచ్చి చెయ్యి కలపమన్నావు. జీవితమంతా పుస్తకాలు చదివినవాణ్ణి. క్షమాపణ గురించి గొప్పగా రాసినవాళ్లలో చాలామందికి క్షమించాల్సినంత నష్టమేదీ జరిగినట్టు లేదు.

కిందటి నెల మన వేటగాళ్ల క్లబ్బుకు వెళ్లాను. గొర్రెల ఉన్ని కత్తిరించే పనికొచ్చిన కొత్తవాడొకడు తొందరపడి కాల్చాడు. తూటా ఎటో పోయింది. పక్కవాడు పగలబడి నవ్వాడు. "అయోనా గురి కొట్టావు కదరా!"

"అయోనా ఎవర్రా?"

"ఎవరికి తెలుసు? తడబడి కాలిస్తే ఇక్కడ అలాగే అంటారు."

పోయిన ఇరవై రెండేళ్లకు నా కూతురు ఇంతే మిగిలింది. ఆ మాట పుట్టింది నీ నోట్లోనే. తన అంత్యక్రియల తర్వాత, చేతిలో టీ కప్పుతో, "దుప్పికి పొట్టలో తగిలింది పాపం. ఆడపిల్ల కదా, చెయ్యి వణికి ఉంటుంది" అన్నావు. దెబ్బతిన్న జంతువును వదిలేసి రాకూడదని నేర్పింది మనమే. పొగమంచులో ఆ దుప్పి వెంట కొండచరియ దిగబోయి, కాలు జారి ప్రాణం పోగొట్టుకుంది. దిగే ముందు పేలకుండా బోల్టు తీసి, రైఫిల్‌ను పైనే బండకు జాగ్రత్తగా ఆనించి మరీ దిగింది. దాని మీద గీత కూడా పడలేదు. దాన్ని కిందికి మోసుకొచ్చి నా చేతికిచ్చింది నువ్వే. ఆ రోజే బీరువాలో పెట్టాను. మళ్లీ ముట్టలేదు.

క్లబ్బు నుంచి వచ్చి బీరువా తెరిచాను. గురిచూసే స్కోపు బిగించాక దాని మరమేకుల మీద మా ఆవిడ ఎల్స్పెత్ గోళ్ల రంగు చుక్కలు పెట్టడం నా అలవాటు. మర తిరిగితే రంగు పగులుతుంది. నీకిచ్చిన రోజు పొద్దున్నే కొత్తగా పెట్టాను. నాలుగు చుక్కలూ పగిలి ఉన్నాయి.

ఎక్కడో వాగులో జారి రాతికి కొట్టి ఉంటావు. మరలు విప్పి బిగించి, బోల్టు తీసి, గొట్టంలోంచి కంచె గుంజను చూస్తూ స్కోపు గీతల్ని దాని మీదికి తెచ్చి, సరిపోయిందనుకుని ఉంటావు. అది మొదటి మెట్టేనని, తర్వాత కాల్చి చూడాల్సిందేనని మనిద్దరం ఎంతమందికి చెప్పాం! నువ్వు తిరిగిచ్చినప్పుడు అయోనా అడిగింది కూడా. "ఒకసారి కాగితం మీద చూస్తాను బాబాయ్."

"నేను చూశానులేమ్మా. నా మాట మీద నమ్మకం లేదా? తూటాలు దండగ."

ఆ తూటాలు తను చేసుకున్నవి. గాలికి త్రాసు కదలకుండా వంటింటి తలుపు మూసి, తుపాకీమందు రవ్వ రవ్వ పెంచుతూ, ప్రతి కొలతకూ కాల్చి చూసి, చలికాలమంతా కూర్చుని కుదుర్చుకుంది. "ఊపిరి పీల్చకు నాన్నా, త్రాసు ఊగుతోంది" అనేది. ఆ వంటింట్లో ఇప్పటికీ ఊపిరి బిగబట్టే నడుస్తున్నాను.

ఆ డబ్బాలో మిగిలినవి తీసుకుని పొలం చివరికి వెళ్లాను. పొట్టి కర్ర కదా, మెడ బాగా వంచాల్సి వచ్చింది. తన చెంప ఆనించి ఆనించి నున్నబడిన చోట నా చెంప ఆనింది. కర్ర చల్లగా లేదు లాక్లన్. నమ్మితే నమ్ము.

ఇసకసంచి ఆసరాతో, వంద గజాల నుంచి మూడు కాల్చాను. మూడు చిల్లులనూ ఒక నాణెం కప్పేస్తుంది. తూటా మంచిది కాకపోతే నా ముసలి చేతిలో అంత బిగుతుగా పడవు. కానీ ఆ మూడూ నల్లచుక్కకు జానెడు ఎడమగా, బెత్తెడు కిందగా పడ్డాయి. తను కాల్చిన దూరానికి ఆ జానెడు రెండు జానలవుతుంది. కుడివైపుకి తిరిగి నిలబడ్డ దుప్పికి భుజాన గురిపెడితే ఎక్కడ తగులుతుందో నీకు వేరే చెప్పాలా? చెయ్యి వణకలేదు. ఎక్కడ చూసిందో అక్కడే కొట్టింది.

ఎల్స్పెత్ మాత్రం, తన బిడ్డే తొందరపడిందనుకుంటూ పోయింది.

నేను రాను. ఆ కాగితం దీనితో పంపుతున్నాను. నీకింకా నోరుంది, క్లబ్బువాళ్లు నిన్ను చూడడానికి వస్తూనే ఉంటారు. ఇది వాళ్లకు చూపించు. నా కూతురి పేరు వాళ్ల నోళ్లలోంచి తీసెయ్యి. నువ్వు చెయ్యకపోతే, ఇలాగే కాల్చిన జత కాగితం నా దగ్గరుంది. క్లబ్బు గోడకు మేకు కొట్టడానికి నాకింకా ఓపికుంది.

ఇట్లు,
అయోనా తండ్రి,
మర్డో గెడ్డీస్

తా.క. కాగితం అడుగున కాల్చినవాడి పేరు రాయడం మన క్లబ్బు ఆచారం కదా. రాశాను. తూటాలు అయోనావి. చెయ్యి మర్డోది. స్కోపు బిగించినవాడు లాక్లన్ మ్యూర్.