మైదానమంతా వంగిన మధ్యాహ్నం

వదినా,

నువ్వు పోయాక మన ములకలపల్లిలో జరిగిన మొదటి సువార్త సభలివి. ఆఖరి రోజు భోజనాలయ్యేసరికి మైదానం నిండా విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు. గాలి లేస్తే అన్నీ అడవిలోకి పోతాయి. ఏటా మనిద్దరమే ఊడ్చేవాళ్లం. ఈసారి చీపురు పట్టుకుని ఒక్కదాన్నే నిలబడితే చేతులాడలేదు.

పాస్టరుగారు చూసి, "ఏందమ్మా, గట్ల నిలబడ్డవ్?" అన్నారు.

"వదిన లేదు గదయ్యా. ఇంత జాగ ఒక్కదాన్ని ఎట్ల ఊడ్వాలె?" అన్నాను.

ఆయన నేరుగా మైకు దగ్గరికి వెళ్లి, "ఏటా ఈ మైదానం ఊడ్చే మార్తమ్మ చనిపోయింది. ఆమె ఆడబిడ్డ ఒక్కతే ఉంది. ఎవరు కూసున్న కాడ వాళ్లు ఎత్తి పోండ్రి" అన్నారు.

అప్పటికే జనం ఆటోల వైపు నడుస్తున్నారు. ఎవరు వింటారులే అనుకున్నాను. ముందుగా ఒక ముసలమ్మ సంచి కింద పెట్టి వంగింది. తర్వాత ఆమె పక్కవాళ్లు వంగారు. చూస్తుండగానే, వదినా, నాట్లు వేసేటప్పుడు మడి వంగినట్టు మైదానమంతా వంగింది. ఆటోలెక్కినవాళ్లు కూడా దిగి వచ్చారు. దమ్మపేట రైతులు తెల్ల చొక్కాలతోనే మోకాళ్ల మీద కూర్చుని ఏరారు. ఆకుల గలగల తప్ప మాట లేదు.

నేను గోనెసంచి తెరిచి పట్టుకుంటే, వరుసగా వచ్చి అందులో వేశారు. ఒకామె చేతిలో ఉన్నది వేసి, కదలకుండా నిలబడి, "మార్తమ్మ ఎట్లుంటుండె?" అని అడిగింది.

చెప్పడం మొదలుపెట్టాను. ఆమె వెనకున్న వాళ్లంతా వినడానికి ఆగారు.