నాలుక వెనక గడ్డ

అవ్వా,

నా బిడ్డ, నీ మనవరాలు సింధుకు నాలుక మొదట్లో, నీకున్నట్టే, గడ్డ కనిపించింది. కోయిద్దామని బాపూ నేనూ కరీంనగర్ తీసుకుపోయాం. స్కానింగ్ చూసి డాక్టరమ్మ వద్దంది.

"గిది గడ్డ కాదు, థైరాయిడే. పుట్టకముందే మెడలకు దిగాల్సింది, గక్కడనే ఆగిపోయింది. పిల్లకు ఉన్నది గదొక్కటే. తీసేస్తే ఒళ్లు చల్లబడతది, లేవబుద్ధి కాదు. బతికినన్ని రోజులు గోలీలు మింగాలె."

నీది కోసినప్పుడు గోలీల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాతే కదా నువ్వు పోయేదాకా ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకుని, "జర ఫ్యాన్ బంద్ చేయుండ్రి" అని బతిమాలింది. "పని తప్పించుకునేతందుకు ఏషాలు!" అని బాపు అరిచేవాడు.

మన శ్రీరాంపూర్ ఎండ నీకు తెలుసు కదా. ఇంటికొచ్చాక బాపు, చెమటలు కారుతున్నా లేచి, ఫ్యాన్ ఆపేసి, నీ మంచం పక్కన కూర్చున్నాడు.