వైరు చివరి మూత

గుడియాత్తం, 12.7.96

సురేఖక్కా,

ఫ్లాపీలు కొనడానికి మొదటి బస్సుకు వేలూరు వెళ్తున్నాను. పది గంటల క్లాసు నువ్వే చెప్పాలి. ముందు పెద్ద కంప్యూటర్ స్విచ్ వెయ్యి, అందరి ఫైళ్లూ ఇప్పుడు దాంట్లోనే ఉన్నాయి. అది పూర్తిగా లేచాకే నాలుగు పాత కంప్యూటర్లూ వెయ్యి. వాటిని కలిపే వైరును ఎవరినీ ముట్టుకోనివ్వకు.

నిన్న క్లాసు మధ్యలో అన్నీ నిలిచిపోతే, పిల్లలందరి ముందు "అక్క ఏందో నొక్కేసినాది" అన్నాను. వాళ్లు నవ్వారు. నువ్వు "అట్లనే ఉంటాదిలే, నువ్వే చూడు నాయనా" అని పక్కకు జరిగావు. ఆ తర్వాత కీబోర్డు ముట్టుకోలేదు.

నువ్వేమీ నొక్కలేదక్కా. వైరు చివర బిగించే చిన్న మూత ఇందాక నా చొక్కా జేబులో దొరికింది. నిన్న క్లాసు మధ్యలో బల్ల జరిపేటప్పుడు నేనే ఊడదీసి మరిచిపోయాను. అది లేకపోతే ఏ కంప్యూటరుకూ పెద్దది అందదు. బిగించగానే అన్నీ పనిచేశాయి. నిన్ను లేపి చెప్పడానికి మొహం చెల్లలేదు.

ధనశేఖర్

ఇంకొకటి. తప్పు నాదేనని క్లాసు బోర్డు మీద తమిళంలో రాశాను, అందరూ చదవాలని. చూడగానే నువ్వు తుడిచేస్తావని తెలుసు. పిల్లలు వచ్చేదాకా ఉండనియ్యి.