చెప్పులేసుకున్న మనిషిని వెనక్కి పిలవడం

2003 జూన్ 12, గురువారం

ఈరోజు డిశ్చార్జ్. కాటన్‌పేట ఇంటి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాడు నాగరాజ్. (మొగుణ్ణి పేరుపెట్టి పిలవను. ఇక్కడైనా రాసుకుంటాను.) మా అత్త సొన్నమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. బావగారు నాగప్ప వీధిలో కనబడినవాళ్ళందరికీ మా తమ్ముడు నడుస్తాండాడప్పా అని చెప్పుకుంటూ తిరిగారు.

ఏప్రిల్‌లో అంగట్లో బేరాలకు కూర్చునే పరుపు మీదనుంచి లేవబోయి, తల తిరిగి, వాంతి చేసుకుని పడిపోయిన మనిషి. తల వెనక చిన్నమెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకు పోయేది. ఇప్పుడు నేరుగా పోతోంది. వేలితో ముక్కు తాకమంటే తాకుతున్నాడు. అత్త దేవుడికి దండం పెట్టుకుని ఏడ్చింది.

నాకూ సంతోషమే. కానీ ఏదో మిగిలిపోయినట్టుంది.

జూన్ 15

ఉప్మాలో ఉప్పు మర్చిపోయాను. మునుపైతే వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వి వారం రోజులు నా ప్రాణం తీసేవాడు. ఉప్పు లేదు అన్నాడు. తిన్నాడు. లేచాడు.

జూన్ 19

పక్కింటి అక్కయమ్మ చూడ్డానికి వచ్చింది. పోయిన ఏడాది చనిపోయిన భర్త గుర్తొచ్చి ఏడ్చింది. ఈయన ఆమెనే చూస్తూ కూర్చుని, నీ ముక్కు కారుతాండాది అన్నాడు. ఆమె పాపం కొంగుతో తుడుచుకుంది. నాకు భూమిలోకి దిగబడిపోవాలనిపించింది.

అత్తకు చెప్తే, జబ్బు చేసి లేచినోడు, నాలుగు దినాలు పోనీ అంది.

జూన్ 23, సోమవారం

అంగడికి పోయాడు. మళ్ళీ తన పరుపు మీద కూర్చున్నాడు. బావగారు స్వీట్లు పంచారు.

జూన్ 27

ఇది వివరంగా రాసుకోవాలి.

మాది హోల్‌సేల్ బట్టల అంగడి. హిందూపురం, మడకశిర, పావగడ వైపునుంచి చిల్లర వ్యాపారులు వస్తారు. బేరం కుదరకపోతే లేచి, గడప దగ్గర చెప్పులేసుకుంటారు. అది పోవడం కాదు. అది బేరంలో ఒక భాగం. ఏ మనిషిని గడప దగ్గర పిలవాలో, ఎవరిని రోడ్డు మీదకు దిగనిచ్చి పిలవాలో, ఎవరు నిజంగానే పోతున్నారో ఈయనకు వీపు చూస్తే తెలిసిపోయేది. బావగారికి లెక్కలొచ్చు, ఈ విద్య రాదు. అంగడి ఈయన మీదే నడిచేది.

ఈరోజు మడకశిర నర్సింహులు వచ్చాడు. మా మామగారి కాలంనుంచీ మా దగ్గర తప్ప ఎక్కడా కొనడు. అలవాటు ప్రకారం లేచి చెప్పులేసుకున్నాడు. ఈయన సరేప్పా, పోయి రాండి అన్నాడట. మడకశిర బస్సు ఎప్పుడుందో కూడా చెప్పాడట. నర్సింహులు పిలుస్తారేమోనని రోడ్డు మీద చాలాసేపు నిలబడి, చివరికి ముఖం చిన్నబుచ్చుకుని ఎదురంగడికి పోయాడు.

ఇదంతా బావగారే ఇంటికొచ్చి చెప్పారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

జూలై 4

పెద్దాసుపత్రి. డాక్టరు నడిపించి చూసి ఎక్సలెంట్ అంది. నేను చెప్పులాట సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సెరిబెల్లమ్, అదే ఆ చిన్నమెదడు పని నడక, బ్యాలెన్సు అనే మేమూ చదువుకున్నామమ్మా అంది. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఊహించడంలో, మాట తీరు పట్టుకోవడంలో కూడా దానికి చెయ్యి ఉందేమోనని ఇప్పుడిప్పుడే కొందరు రాస్తున్నారట. కాలు ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టినట్టే మనుషుల్నీ లెక్కగడుతుందేమో, ఖాయంగా చెప్పలేను అంది.

మందు అడిగాను. లేదంది. మునుపటిలా అవుతాడా అని అడిగాను. చూద్దాం అంది. ఈయన ఆవిడకు థాంక్స్ చెప్పి, మీకు గడ్డం మీద వెంట్రుకుంది అన్నాడు.

జూలై 8

బావగారు ఈయన్ను గోడౌన్‌కి మార్చారు. మూటలు చూసుకోవాలట. నాకు అవమానం. ఈయనకు లేదు. గోడౌన్‌లో చల్లగా ఉండాది అన్నాడు.

జూలై 13, ఆదివారం

నా వల్ల కాలేదు. నీకు నేనంటే లెక్కలేదు, హిందూపురం పోతున్నా, మా అమ్మ దగ్గరే ఉంటా అని అరిచి, బ్యాగు సర్దుకుని చెప్పులేసుకున్నాను.

పెళ్ళైనప్పటినుంచీ ఎన్నిసార్లు ఇలా వేసుకున్నానో. ఒక్కసారి కూడా గడప దాటనివ్వలేదు. దా పుష్పా, కూర్చో, మాట్లాడుకుందాం అనేవాడు. తల కొంచెం పక్కకు వంచి. నేను పోనని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అదొక సుఖం.

ఈరోజు లోపలికి పోయాడు. మనసు మారిందనుకున్నాను. గొడుగు తెచ్చి ఇచ్చాడు. వాన వస్తాది అన్నాడు.

వీధి చివర టీ అంగడి దాకా పోయి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. వాన రాలేదు. ఎంతసేపని నిలబడను? తిరిగొచ్చాను. తలుపు తీసి, బస్సు తప్పిపోయిందా అని అడిగాడు.

జూలై 14

రాయడానికేం లేదు.

ఆగస్టు 3

కూర్చోబెట్టి నేర్పించాను. ఎవరైనా చెప్పులేసుకుంటే వెనక్కి పిలవాలి, దా కూర్చో మాట్లాడుకుందాం అనాలి అని. ఎందుకని అడిగాడు. వాళ్ళకు పోవాలని ఉండదు కాబట్టి అన్నాను. పోవాలని లేకుంటే చెప్పులెందుకు ఏసుకుంటారు అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని చూస్తున్నాడు. స్కూలు పిల్లాడిలా ముఖం పెట్టుకుని.

ఊరికే పిలువు అన్నాను.

ఆగస్టు 9

వచ్చేసింది! నేను గడప దగ్గర చెప్పులేసుకుంటే పిలిచాడు. అవే మాటలు. సిగ్గులేకుండా మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. ప్రతిసారీ పిలిచాడు. బావగారిని బతిమాలాను, ఒక్కసారి అంగట్లో కూర్చోబెట్టి చూడండి అని.

ఆగస్టు 18

ఒప్పుకున్నారు. పొద్దున కూర్చోబెట్టారు.

సాయంత్రం. సరుకు కొని, మూట కట్టించుకుని, దండం పెట్టి పోతున్నవాళ్ళను కూడా పిలిచాడట. టీ ఇచ్చిపోతున్నవాణ్ణి పిలిచాడట. ఎవరు లేచినా పిలుపే. మొదట నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదట. బావగారు నా ముఖం చూడకుండా, ఇంట్లోనే పెట్టుకో పుష్పమ్మా, నా తమ్ముణ్ణి జనం నవ్వుతుంటే నేను చూడలేను అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఈయన పక్కనే ఉండి, నేను అందర్నీ పిలిచినా కదా అన్నాడు. బాగా పిలిచావు అన్నాను.

ఆగస్టు 30

ఈయన పిలుపుకు భయపడి అక్కయమ్మ ఇప్పుడు మా ఇంటికి చెప్పుల్లేకుండా వస్తోంది.

సెప్టెంబరు 7, ఆదివారం

ఆకుకూరకు పోదామని చెప్పులేసుకున్నాను. నిజంగా ఆకుకూరకే. వెనకనుంచి పిలిచాడు. దా పుష్పా, కూర్చో, మాట్లాడుకుందాం. అదే గొంతు. తల కూడా కొంచెం పక్కకు వంచాడు. అది నేను నేర్పలేదు.

చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాను. చెప్పు, ఏం మాట్లాడుకుందాం అన్నాను. గడప దగ్గర విడిచిన నా చెప్పుల వైపు చూశాడు.

పిలిచేవరకే నేర్పినావు అన్నాడు.