మీకు పెట్టిన చేపల పులుసు

సర్వే మేడం గారికి నమస్కారాలండి.

కనీస వేతనంతో ఇల్లు గడుస్తోందో లేదో చూడడానికి పోయిన నెల మీరు మొగల్తూరులో మా వీధికి వచ్చి, మా ఇంట్లో భోంచేశారు. నేను రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే మనిషిని. పులుసు బాగుందన్నారు, గుర్తుండే ఉంటాను.

“రోజూ ఇలాగే తింటారా?” అని మీరు అడిగితే “మా ఇంట్లో ఎప్పుడూ ఇంతేనండి” అన్నాను. అది అబద్ధమండి. ఆ చేపలు పక్కింటి ప్రిస్కిల్లా ఇచ్చింది. అప్పుడే తిన్నానని మీతో చెప్పిన మా అత్తగారు అసలు తినలేదు. మీ పళ్లెంలో పెట్టింది ఆవిడ అన్నమే. గవర్నమెంటు చెప్పిన జీతం ఫ్యాక్టరీవాళ్లు సరిగ్గానే ఇస్తారు, కాదనను. కానీ అద్దె, అత్తగారి బీపీ బిళ్లలు పోయాక నెలాఖరుదాకా బియ్యం రావు.

మా వీధి మొత్తానికి మా ఇల్లొక్కటే చూశారు. ‘జీతం సరిపోతోంది’ అని మీరు రాసుకుంటుంటే పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను. నాతో ఫ్యాక్టరీలో పనిచేసే మా వీధి ఆడవాళ్ల జీతాలూ నా మాట మీదే ఆగిపోతాయేమో, అయినా వాళ్లు నన్ను ఒక్క మాటా అనలేదు. ప్రిస్కిల్లా అయితే “ఇంటికొచ్చినోళ్లకి పెట్టకుండా ఎలా పంపుతాంలే” అంది. వాళ్లు తిట్టినా బాగుండేదండి.

దయచేసి ఆ మాట కొట్టేసి ఇంకోసారి రండి. ఉన్నదున్నట్టు చెబుతాను. భోజనాల వేళకి మాత్రం రాకండి. ఆ వేళకి వస్తే పెట్టకుండా ఉండలేను, పెట్టాక నిజం చెప్పలేను.

ఇట్లు,
ఆ రోజు మీకు వడ్డించిన మనిషి